దొర గట్టు మీదే ఉన్నాడు

(సంఘ వార్షిక కూడికలో మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక విశ్రాంత బ్యాంకు క్యాషియరు చేసిన ప్రసంగం. ఆయన చాలా ఏళ్ళు సంఘ కోశాధికారిగా కూడా పనిచేశారు. రికార్డు విని, ఆయన మాట తీరు మార్చకుండా రాసుకున్నాం.)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, పెద్దలకి, వెనకాల అరుగు మీద గాలికి కూర్చున్న తమ్ముళ్ళకి కూడా. అన్నం తిన్నాక ప్రసంగం నాకిచ్చారంటే కమిటీవాళ్ళకి నా మీద ఎంత గురి ఉందో అర్థమైంది. కునుకు వస్తే తియ్యండి. గురక మాత్రం వద్దు. (నవ్వులు)

నేను ప్రసంగీకుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినవాణ్ణి. అయ్యగారు నాకిచ్చిన అంశం రెండు ముక్కలు. ఆత్మీయ స్వాతంత్ర్యం ఒకటి, నాయకుల మీద నమ్మకం ఇంకొకటి. చీటీ చూడగానే నాకు అనుమానమొచ్చింది. ఇదేంటి, ఒక చేత్తో తాళం తీసి ఇంకో చేత్తో వేసినట్టుందే అని.

ఎందుకంటే మన సంఘాల్లో ఈ రెండు మాటలకీ రెండు జట్లు ఉన్నాయి. పేర్లు చెప్పనులెండి, మీకే తెలుసు. ఒక జట్టువాళ్ళ బైబిళ్ళు తెరిస్తే గలతీ పత్రిక అయిదో అధ్యాయం మొదటి వచనం కింద గీత ఉంటుంది. 'ఈ స్వాతంత్ర్యము అనుగ్రహించి, క్రీస్తు మనలను స్వతంత్రులనుగా చేసియున్నాడు.' వీళ్ళు కమిటీలో ఏ తీర్మానం చేసినా ఒప్పుకోరు. రెండో జట్టువాళ్ళ బైబిళ్ళలో హెబ్రీ పత్రిక పదమూడు, పదిహేడు కింద గీత. 'వారి మాట విని, వారికి లోబడియుండుడి.' వీళ్ళు ఏ తీర్మానం చేసినా ఒప్పుకుంటారు, చదవకుండానే సంతకం పెడతారు. కోశాధికారిగా చెబుతున్నాను, నాకు ఇద్దరితోనూ కష్టమే. ఆ రెండోవాళ్ళతో ఇంకొంచెం ఎక్కువ కష్టం. అది ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు మన ముచ్చట ఒకటి చెప్పుకుందాం. మా ముత్తాత తండ్రి గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మానికి మునిగినవాడని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇదే మాట ఉంటుంది. 1878 జులై 3. ఒక్క రోజు 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె సండే స్కూలు పిల్లలకి కూడా నోటికొచ్చు. మూడు రెళ్ళు కాదురా, నాలుగు రెళ్ళు అని మా నాయన దిద్దేవాడు.

అంకె అందరికీ గుర్తుంది. నీళ్ళలో ఎవరు నిలబడ్డారో మాత్రం మర్చిపోయాం. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మం ఇచ్చాడు అంటాం. ఇవ్వలేదండి. ఆ రోజు దొర గట్టు మీదే ఉన్నాడు. నీళ్ళలో ఉన్నది మన తెలుగు బోధకులు, ఆరుగురు. ఇద్దరిద్దరు చొప్పున దిగేవాళ్ళు. చేతులు పడిపోయాక వాళ్ళు గట్టెక్కితే ఇంకో ఇద్దరు దిగేవాళ్ళు. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదిరాక ఆపి, మళ్ళీ మధ్యాహ్నం దిగి, సాయంత్రానికి ముగించారు. దొర ఒడ్డున ఉండి పేర్లు, మనుషులు వరసగా వచ్చేట్టు చూసుకున్నాడు.

దానికి వెనక ఏముందో కూడా చూడండి. 1876లో కరువు పట్టింది. మద్రాసు రాజధాని మొత్తం మాడిపోయింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకి పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు, జనానికి కూలి దొరకాలని. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పార, రాత్రి ప్రార్థన. ఆ తవ్వకం దగ్గరే వేలమంది 'మాకు బాప్తిస్మం ఇవ్వండి' అన్నారు. దొర ఇవ్వనన్నాడు. ఏడాది దాటినా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదు, వాళ్ళకీ ఆ అనుమానం లోపల ఉండకూడదు అని. కూలి అయిపోయింది, గంజి కేంద్రాలు ఆగాయి, ఇంక దొర దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అప్పుడొచ్చారు గుండ్లకమ్మకి. ఏమీ రాదని తెలిసి వచ్చినవాళ్ళు 2,222 మంది. నాకు నచ్చేది ఆ అంకె కాదు. ఆ ఆగడం. మనిషి ఆకలితో ఉన్నప్పుడు వాడి చేత అవుననిపించుకోవడం సులువు. ఆ అవును నాకొద్దు అని ఆగిన నాయకుణ్ణి నమ్మొచ్చు.

ఇంకొంచెం వెనక్కి వెళితే 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది ఎనిమిదిమందితో. అంతకు ముందు ఏడాది ఎర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మం పొందారు. తాళ్ళకొండపాడు ఆయనది. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు దాకా తిరిగిన మనిషి. అంతకు ముందే యోగమార్గంలో గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. అంటే గురువు కాళ్ళు పట్టుకోవడం అంటే ఏంటో తెలిసినవాడు. ఆయన ద్వారా మాదిగపల్లెల్లోకి మాట పాకింది. అప్పుడు విశ్వాసులకి పెట్టిన నియమాలు మూడే మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు.

ఇవి వింటే ఏదో మతం రూల్సులాగా ఉన్నాయి కదా? కాదు. ఆ రోజుల్లో పల్లెలో మాదిగవాడు ఆదివారం పనికి రానంటే అర్థమేంటి? మునసబు పిలిస్తే రానన్నట్టు. జాతరకి డప్పు కొట్టనంటే ఊరి మొత్తానికి ఎదురు చెప్పినట్టు. కొట్టారు, పనులు మాన్పించారు, ఊళ్ళోకి రానివ్వలేదు. వెట్టిలో పుట్టినవాడు జీవితంలో మొదటిసారి 'రాను' అన్నాడు. నన్నడిగితే మన తెలుగు విశ్వాసులకి స్వాతంత్ర్యం అంటే గలతీ పత్రిక చదివి వచ్చింది కాదు. చదువు రాదు గదా అప్పటికి. ఆ ఒక్క 'రాను'తో వచ్చింది.

ఆ 'రాను' అన్నవాడి మనవళ్ళం మనం. ఇప్పుడు మన సంగతేంటి?

నేను ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో విన్న మాట చెబుతాను. 'అయ్యగారు కోపంగా ఉన్నారు, ఈ ఆదివారం బల్ల దగ్గరకి రావద్దన్నారు.' బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. ఎందుకమ్మా అంటే, కట్టడం ఫండు లెక్క అడిగారట. ఇంకొకచోట, 'ఆయన మాటకి ఎదురు చెబితే రేపు సమాధుల తోటలో చోటు ఇవ్వరు' అని భయం. ఏ ఊరో చెప్పను, ఏ మిషనో చెప్పను. అన్ని మిషన్లలోనూ ఉంది. పెళ్ళి, బల్ల, సమాధి. మనిషికి ఈ మూడూ కావాలి. ఈ మూడింటి తాళాలూ ఒకరి నడుముకి వేలాడుతుంటే ఆ నమ్మకం నమ్మకమా, భయమా? మునసబు పోయాడు, కరణం పోయాడు. కుర్చీ మాత్రం తీసుకొచ్చి గుడిలో వేసుకున్నాం.

మాటలు చూడండి ఎలా మారతాయో. 'సేవకుడు' అన్నాం బోధకుణ్ణి. మంచి మాట. తర్వాత 'సేవకులు' అయింది, గౌరవానికి. తర్వాత 'దైవజనులు'. ఇప్పుడు సేవకుడు కారు దిగుతుంటే తలుపు తియ్యడానికి ఇద్దరు సేవకులు కావాలి. (నవ్వులు) మా అయ్యగారు నవ్వుతున్నారు గాబట్టి చెబుతున్నాను. ఆయన స్కూటరు మీద వస్తారు, తలుపు లేదు.

సరే, ఇందాక రెండు వచనాలు చెప్పాను. వాటి మధ్య గొడవ తీర్చే వచనం నాకు యోహాను సువార్తలో దొరికింది. పదిహేను, పదిహేను. తిప్పండి. అమ్మా, మీ పక్కన పాపకి చూపించండి. 'దాసుడు తన యజమానుడు చేయుదానిని ఎరుగడు గనుక ఇక మిమ్మును దాసులని పిలువక స్నేహితులని పిలుచుచున్నాను, ఎందుకనగా నేను నా తండ్రివలన వినిన సంగతులన్నియు మీకు తెలియజేసితిని.'

చిన్నప్పటి నుంచీ చదువుతున్నా గానీ, దీంట్లో 'ఎందుకనగా' అన్న మాట నాకు అరవై దాటాక కనబడింది. దాసుడికీ స్నేహితుడికీ తేడా ఏంటట? జీతం కాదు, ప్రేమ కూడా కాదు. దాసుణ్ణి కూడా ప్రేమించొచ్చు. యజమాని చేసేది దాసుడికి తెలియదు, స్నేహితుడికి తెలుస్తుంది. అంతే తేడా. 'తెలియజేసితిని.' ఆ కిందనే మళ్ళీ ఆజ్ఞలున్నాయి, ఒకరినొకరు ప్రేమించండి అని. అంటే స్నేహితుడికి ఆజ్ఞ లేదని కాదు. లోబడతాడు. కానీ తెలిసి లోబడతాడు. తెలియకుండా లోబడేవాడు దాసుడు.

ఇదే మాట మన తెలుగు నేల మీద సేవ చేసిన ఒక తమిళాయన ప్రపంచం ముందు నిలబడి అడిగాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునెల్వేలి వైపు వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టాడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్లుకి వచ్చాడు. తెల్లదొరల డబ్బుతో కాదు, తిరునెల్వేలి విశ్వాసులు చందాలు వేసుకుని పెట్టుకున్న మిషను పంపితే వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు, 1910లో, స్కాట్లాండులో ఎడింబరో అనే ఊళ్ళో మిషనరీల మహాసభ. సుమారు 1,200 మంది ప్రతినిధులు. అందులో ఆసియావాళ్ళు ఇరవైమంది కూడా లేరు. ఆయనకి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. మిషనరీకీ దేశీయ సేవకుడికీ మధ్య సంబంధం ఎలా ఉంటుందో చెప్పాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా ఇంటికి పిలిచి ఒక పూట కలిసి తినని పరిస్థితి. చివర్లో, మీరు పేదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. మొదటి కొరింథీ పదమూడులోని మాటల్నే వాళ్ళకి వడ్డించాడు. సభలో కొందరికి కోపమొచ్చింది. రాదా మరి, అన్నం పెట్టినవాళ్ళని అడిగాడాయె.

రెండేళ్ళకి, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఇప్పుడు ఆయనే కుర్చీలో కూర్చున్నాడు. స్నేహితుల్నివ్వండి అని అడిగినవాడు తాను ఎలా ఉన్నాడు అన్నది నా ప్రశ్న. ఆయన గురించి చెప్పుకునే ఒక సంగతి నాకు చాలా ఇష్టం. పల్లెల్లో మాల మాదిగ కూలీలు బాప్తిస్మం పొందినప్పుడు, తడి తల మీద వాళ్ళ చెయ్యి వాళ్ళ చేతే పెట్టించి ఒక మాట పలికించేవాడట. 'నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ.' చూడండి. బిషప్పు చెయ్యి కాదు. వాడి చెయ్యే వాడి తల మీద. నిన్నటిదాకా ఎవరి ముందో ఆ తల వంచి నిలబడ్డవాడు. అక్షరం రాని మనిషికి, నువ్వూ బాధ్యుడివే అని చెప్పే పద్ధతి అంతకన్నా ఉంటుందా?

నేను బాప్టిస్టుని, బిషప్పుల పద్ధతి మాది కాదు. మాకు సంఘ సభ్యులందరూ కూర్చుని ఓటేస్తేనే తీర్మానం. అయినా చెబుతున్నా, ఓటు ఉన్నంత మాత్రాన దొర పోడు. చేతులెత్తండి అంటే ముందు అయ్యగారి మొహం చూసి, తర్వాత ఎత్తే చేతులు చాలా చూశాను నేను.

ఇప్పుడు ఒక వచనం గురించి మాట్లాడక తప్పదు. 'నేను అభిషేకించినవారిని ముట్టకూడదు.' నూట అయిదో కీర్తన. ఎవరైనా లెక్క అడిగితే వెంటనే తీసే కత్తి ఇది. దయచేసి ఆ వచనం మీద నుంచి కొంచెం పైకి చదవండి. ఎవరి గురించి? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. అప్పటికి వాళ్ళు ఎంతమంది? కొద్దిమంది, పరదేశులు, సెంటు భూమి లేదు. ఎవరితో అంటున్నాడు దేవుడు? 'వారి నిమిత్తమై ఆయన రాజులను గద్దించెను.' రాజులతో! బలం ఉన్నవాడితో, బలం లేనివాణ్ణి ముట్టుకోకు అన్న మాట అది. దాన్ని తీసుకొచ్చి మైకు చేతిలో ఉన్నవాడు, చివరి బెంచీలో కూర్చున్న విధవరాలి మీద ప్రయోగిస్తే, వచనాన్ని తలకిందులుగా పట్టుకున్నట్టే. తనని తరుముతున్న సౌలు రాజు అభిషేకం పొందినవాడని దావీదు అతణ్ణి చంపలేదు, నిజమే. గుహలో అంగీ చెంగు కోసినందుకే మనసు గుచ్చుకుంది. కానీ నోరు మూసుకున్నాడా? బయటికొచ్చి కేకేసి, ఎందుకు నన్ను తరుముతున్నావు అని మొహం మీద అడిగాడు.

అభిషేకించబడ్డ నాయకుడు ఎలా ఉంటాడో చూడాలంటే సమూయేలు ప్రవక్త దగ్గరకి వెళ్ళండి. ముసలివాడయ్యాడు, పదవి దిగుతున్నాడు. జనమంతటినీ పిలిచి అడుగుతాడు. 'నేనెవని యెద్దునైన తీసికొంటినా? ఎవని గార్దభమునైన పట్టుకొంటినా?' ఎద్దు, గాడిద. ఆ కాలానికి ట్రాక్టరు, లారీ అనుకోండి. నా మీద సాక్ష్యం చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అంటాడు. జనం అడగలేదు. ఆయనే అడిగించుకున్నాడు. రిటైరయ్యే రోజు మా బ్యాంకులో కూడా 'నో డ్యూస్', అంటే బాకీ ఏమీ లేదన్న కాగితం, తెమ్మంటారు. సమూయేలు దేవుడి ముందూ జనం ముందూ నో డ్యూస్ తీసుకున్నాడన్నమాట. (నవ్వులు)

ఇంతవరకూ ఇతరుల సంగతి చెప్పాను, సుఖంగా ఉంది. ఇప్పుడు నా సంగతి.

మన తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం తెచ్చి గుళ్ళో సంచిలో పోస్తారు. పిడికెడు బియ్యం కానుక. నేను కోశాధికారిగా ఉన్న సంఘంలో నెలకి ఒక నలభై అయిదు కిలోలు వచ్చేవి. ఆ బియ్యం అన్నానికి పనికిరావండి. సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోతాయి. ఒక గింజ ఉడికి ముద్దవుతుంటే ఇంకో గింజ పలుకుగా ఉంటుంది. ఇడ్లీ పిండికి, అట్ల పిండికి బాగుంటాయి. మా కమిటీలోనే ఒకాయనకి టిఫిన్ హోటలుంది. ఆయన కిలో పదహారు రూపాయల లెక్కన తీసుకునేవాడు. నేను రసీదు రాసేవాణ్ణి. నెలనెలా డబ్బు కట్టేవాడు, ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. నేనూ ఒక్క రూపాయి తీసుకోలేదు. పుస్తకంలో పైసా తేడా లేదు. ఇలా నాలుగేళ్ళు.

ఏటా లెక్కలు చదవాలి కదా? చదవలేదు. అడిగితే, పుస్తకం ఉంది చూసుకోండి అనేవాణ్ణి. ఎవరూ చూసుకోలేదు. బ్యాంకాయన గదా, ఆయన చేతిలో ఉంటే మన ఇనప్పెట్టెలో ఉన్నట్టే అనేవాళ్ళు. ఆ మాట విని నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బల్ల మీద కానుకలు లెక్కపెడుతున్నాం. ఎప్పుడూ ఇద్దరం లెక్కపెడతాం, అది ఒక్కటే నేను సరిగ్గా చేసిన పని. కొంగున ముడేసి తెచ్చిన పదిరూపాయల నోట్లు మీరు చూసే ఉంటారు. నాలుగు మడతలు పడి, చెమటకి మెత్తబడి, ఎంత సాపు చేసినా మళ్ళీ ముడుచుకుంటాయి. వాటిని చేత్తో సాపు చేస్తుంటే ఒక అవ్వ వచ్చి నిలబడింది. సంచి ఖాళీ చేసి పట్టుకుంది.

'ఏం నాయనా, మా బియ్యం ఎంతకి పోతున్నాయి?' అంది.

'పదహారు అవ్వా.'

ఆమె సంచి దులుపుకుంటూ, 'బజార్లో నూకలే ఇరవై అయిదు నాయనా' అంది. అంతే. కోపం లేదు, నిందా లేదు. నూకలు ఇరవై అయిదైతే బియ్యం పదహారు ఎలా అవుతాయో నాకు అర్థం కాలేదు, చెప్పు అన్నట్టు నా మొహంలోకి చూసింది.

నాకేమొచ్చిందో తెలుసా? కోపం. నన్ను అనుమానిస్తోందా, ముప్పై నాలుగేళ్ళ క్యాషియర్ని! ఇంటికెళ్ళి అన్నం సరిగా తినలేదు. మా ఆవిడతో చెబితే, 'ఆమె మిమ్మల్ని అడగలేదు, ఆమె బియ్యం గురించి అడిగింది' అంది. రాత్రి కూర్చుని లెక్క వేశాను. నలభై అయిదు కిలోలు, నలభై ఎనిమిది నెలలు, కిలోకి తొమ్మిది రూపాయల తేడా. 19,440. నాలుగేళ్ళూ తేడా ఒకేలా ఉండదు, ధరలు పెరుగుతూ వచ్చాయి, అది నాకూ తెలుసు. సగమే అనుకోండి. అది ఎవరి డబ్బు? పిడికెడు తక్కువ తిన్నవాళ్ళది.

నేను దొంగని కాను. కానీ దొర అయ్యాను. నాలుగేళ్ళు వాళ్ళకి చెప్పకుండా వాళ్ళ బియ్యానికి ధర కట్టాను.

తర్వాతి ఆదివారం లేచి నిలబడి ఈ లెక్కంతా చదివాను. మోకాళ్ళు వణికాయి, అబద్ధం చెప్పను. దిగిపోతానన్నాను. వద్దన్నారు. ఇక నెలనెలా వేలం వెయ్యండి అన్నారు. హోటలాయన నొచ్చుకుని రెండు నెలలు గుడికి రాలేదు. మన అయ్యగారు, పెద్దలు ఇంటికెళ్ళి కూర్చుని మాట్లాడారు. వచ్చాడు, వేలంలో పాడుకున్నాడు, ఇరవై ఏడుకి. ఆ నెల మొదటి రెండు కిలోలు పాడుకుంది ఎవరనుకున్నారు? ఆ అవ్వే. (నవ్వులు) వాళ్ళ మనవడికి అట్లంటే ఇష్టమట.

అప్పటి నుంచీ నాకు ఒక సంగతి తెలిసింది. మనవాళ్ళు అడగకపోవడాన్ని నేను నమ్మకం అనుకున్నాను. అది నమ్మకం కాదు, ఒక రకం అలవాటు. నమ్మింది ఆ అవ్వ. అడిగితే చెబుతాడన్న నమ్మకం లేకపోతే ఆమె నా దగ్గరకి రాదు. వీధిలో నలుగురితో గుసగుసలాడేది, లేదా పిడికెడు తియ్యడం మానేసేది. అందుకే ఇందాక అన్నాను, చదవకుండా సంతకం పెట్టేవాళ్ళతో నాకు ఎక్కువ కష్టమని. వాళ్ళు మంచివాళ్ళే. కానీ నన్ను పాడుచేశారు.

పౌలు గారు ఈ విషయంలో నాకన్నా తెలివైనవాడు. యెరూషలేము పేదలకి చందా పోగుచేశాడు, రెండో కొరింథీ ఎనిమిదిలో ఉంది. డబ్బు తనొక్కడే పట్టుకెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. ఎందుకు? 'ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును' అంటాడు. నాకు దేవుడు తెలుసు, మీకెందుకు లెక్క అనలేదు అపొస్తలుడు. మన సంఘాలు చాలావరకు సొసైటీలుగా రిజిస్టరై ఉన్నాయి. 2001 నాటి చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. రిజిస్ట్రారుకి పంపే కాగితం గుళ్ళో చదవడానికి అభ్యంతరమేంటో నాకు ఇప్పటికీ బోధపడదు.

అయితే నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. నాయకుడి మాట వినొద్దని నేను అనడం లేదు. ఒక్కసారి విన్నాను, అది చెప్పి తీరాలి. ఎందుకంటే వింటే తప్ప దాని విలువ తెలీదు.

మా అబ్బాయి పెళ్ళి కుదిరింది. అమ్మాయి తరఫువాళ్ళు అయిదు లక్షలు, బండి ఇస్తామన్నారు. అప్పటి మా అయ్యగారు ఒక సాయంత్రం ఇంటికొచ్చారు. ఇప్పుడాయన రిటైరయ్యారు. మంచినీళ్ళు తాగి, 'మీరు కట్నం తీసుకుంటున్నారని విన్నాను' అన్నారు. 'కట్నం కాదయ్యగారూ, వాళ్ళు ప్రేమగా ఇస్తున్న కానుక' అన్నాను. ఆయన నవ్వలేదు. '1961 నుంచీ చట్టం ఉంది, నేను చట్టం గురించి రాలేదు. మీరు గుళ్ళో కానుకలు లెక్కపెట్టే మనిషి. కానుక ఏదో కానిదేదో నాకన్నా మీకే బాగా తెలుసు. తీసుకుంటే ఆ పెళ్ళికి నా చెయ్యి పెట్టలేను. వేరే అయ్యగారితో చేయించుకోండి, నేను అడ్డుపడను. ఆదివారం బల్ల దగ్గర మీ చోటు మీదే, మీ కమిటీ పని మీదే. నిర్ణయం మీది' అన్నారు. లేచి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. ఒక వారం ఆయన ప్రసంగం చెవికెక్కలేదు. కానీ ఆలోచించాను. ఈ మాటల వల్ల ఆయనకి ఏమొస్తుంది? పెళ్ళికి ఇచ్చే కానుక పోతుంది, కోశాధికారితో తగాదా వస్తుంది. వచ్చేది ఏమీ లేదు. పోయేదే ఉంది. మైకులో అనలేదు, నలుగురిలో అనలేదు. నన్ను వదిలేసి వెళ్ళాడు. వదిలెయ్యకుండా బెదిరించి ఉంటే, నా గురించి నాకు తెలుసు, పౌరుషానికి తీసుకునేవాణ్ణే. తీసుకోలేదు. మా కోడలు ఇదిగో, మూడో బెంచీలో ఉంది, ఆ సంగతి ఇవాళే వింటోంది అనుకుంటా. (నవ్వులు) కాదటండి, వాళ్ళ నాన్న అప్పుడే చెప్పాడట!

ఆ అయ్యగారు నా మీద గెలిచారని మీరు అనుకుంటారేమో. పౌలు మాట ఒకటుంది, 'మీ విశ్వాసము మీద మేము ప్రభువులమని యీలాగు చెప్పుటలేదు గాని మీ ఆనందమునకు సహకారులమై యున్నాము.' సహకారి. ఆ రోజు సాయంత్రం మా వరండాలో మంచినీళ్ళు తాగిన మనిషి అది.

గుంపు వదిలి పోయే స్వాతంత్ర్యం గురించి కూడా ఒక మాట అడిగారు అయ్యగారు. అయ్యగారి మాట నచ్చలేదని వేరే గుడి, ఆ గుళ్ళో మళ్ళీ నచ్చలేదని ఇంకో గుడి, ఒకే వీధిలో మూడు మైకులు. దాని గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. నిజంగా బాధపడి పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని నేను ఏమీ అనలేను. ఊరికే పోయినవాళ్ళూ ఉన్నారు. మా నాన్న అనేవాడు, కట్టు తెంపుకున్న గొడ్డు ఎంత దూరం పోయినా సాయంత్రానికి ఎవడో ఒకడి కొట్టంలోనే ఉంటుందని.

ఇక హెబ్రీ పదమూడు, పదిహేడు. దాని కింద గీత గీసుకున్నవాళ్ళు బాధపడకండి, నేనూ గీసుకున్నాను. మీ గీత కొంచెం ముందుకి జరపండి అంతే. 'మీపైని నాయకులుగా ఉన్నవారు లెక్క ఒప్పచెప్పవలసినవారివలె మీ ఆత్మలను కాయుచున్నారు.' లోబడమన్న వచనంలోనే 'లెక్క' ఉంది! క్యాషియరుకి ఆ మాట కనబడకుండా ఉంటుందా? లోబడమన్నది ఎవరికి? లెక్క ఒప్పచెప్పబోయేవాడికి. ఆ లెక్క ఎలా ఉంటుందో నేను ఊహించుకుంటాను. ఫలానా సంవత్సరం ఫలానా నెల, ఒక అవ్వ, ఆమె పిడికెడు, నువ్వు ఎంతకి కట్టావు, ఆమెకి చెప్పావా లేదా.

టైమయిపోయింది, అయ్యగారు గడియారం చూస్తున్నారు. మన ఈ ఏడాది జమాఖర్చుల కాగితం వెనక బల్ల మీద పెట్టించాను, బియ్యం వేలంతో సహా. రెండు పేజీలు. అక్షరాలు పెద్దవే గానీ కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు ఉంటే కింద చాప మీద కూర్చోండి, నేనొచ్చి చదువుతాను. ఏడో వరసలో కరెంటు బిల్లు దగ్గర ఒక అంకె కొట్టేసి మళ్ళీ రాశాను, అది ఎందుకో ముందు అదే అడగండి.